తిలంగాలు, ఖాకీ, మా కాలేజీ పిల్లలు

ఉర్దూలో 'తిలంగా' అంటే సిపాయి. పాత నిఘంటువులు తిరగేస్తే కనిపిస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ తెలుగు తీరంలో కుర్రాళ్లను పోగుచేసి, ఎర్రకోటు తొడిగి, భుజాన తుపాకీ పెట్టి ఉత్తరాదికి నడిపించింది. వాళ్లను చూసిన అక్కడి జనం తెలుగు దేశపువాళ్లనే అర్థంలో తిలంగాలన్నారు. కొన్నాళ్లకు ఆ మాట ఊరు మరిచిపోయి నౌకరీ పేరుగా మిగిలింది. 1857లో మీరట్ నుంచి ఢిల్లీకి వచ్చిన సిపాయిల్లో ఎక్కువమంది అవధ్, బీహార్ రైతుబిడ్డలు. వాళ్లకూ తెలుగుకూ ఏ చుట్టరికమూ లేదు. అయినా ఆనాటి ఢిల్లీ ఉర్దూ రాతల్లో వాళ్లు తిలంగాలే.

రెండు భాషల మధ్య బతికే నాలాంటివాడికి ఈ మాట తమాషాగానూ ఉంటుంది, గుచ్చుకుంటుంది కూడా. సిపాయికి పేరిచ్చిన నేల ఇది. ఆ పేరును మోసుకు తిరిగిన భాష మాది. ఈ నేల మీద ఆ భాష మాట్లాడే ఇళ్లలో ఎంతమంది పిల్లలు డిగ్రీ కాగానే సైన్యంలో ఆఫీసరవుదామనుకుంటారు? మా మొహల్లాల్లో అడిగి చూడండి. గల్ఫ్ వీసా గురించి చెబుతారు. ఫార్మసీ గురించి, బీఈడీ గురించి, డీఎస్సీ గురించి చెబుతారు. ఫౌజు ఊసు రాదు. ఎందుకు రాదంటే 'దేశభక్తి లేదు గనక' అనే జవాబును కొందరు జేబులో పెట్టుకు తిరుగుతుంటారు. 'మనల్ని రానివ్వరు గనక' అనేది మా జేబులోని జవాబు. రెండూ చరిత్ర చదవకుండా చెప్పే జవాబులే.

తిలంగాలను తయారు చేసిన తెల్లదొరలే, తర్వాతి శతాబ్దంలో, తెలుగువాడు యుద్ధానికి పనికిరాడన్నారు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి వాళ్లకు 'యుద్ధ జాతుల' సిద్ధాంతం తలకెక్కింది. సిఖ్ఖు, గూర్ఖా, పఠాన్, పంజాబీ ముసల్మాన్ పుట్టుకతోనే వీరులట. మద్రాసు సైన్యం మెత్తబడిపోయిందని సేనాధిపతి రాబర్ట్స్ దొర తీర్పు. ఇందులో ముసల్మాన్ అనే మాట చూసి మేమూ ఆ పంక్తిలో కూర్చున్నామనుకోకండి. పంజాబీ ముసల్మానుకు వేసిన పెద్దపీట దక్కన్ ముసల్మానుకు వేయలేదు. దూదేకుల ఇంటి పిల్లాడిని అడిగినవాడే లేడు. ముస్లిములంతా ఒకే ముద్ద అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

చదువుకున్నవాడి మీద దొరలకు ఇంకా అనుమానం. సిపాయి పల్లెటూరివాడై ఉండాలి, ఆఫీసరు తెల్లవాడై ఉండాలి. పట్నంలో బీఏ చదివిన నల్ల కుర్రాడు రెండింటికీ కాడు. అందుకే కాలేజీ పిల్లలకు సైనిక శిక్షణ అనేది చిన్న సంగతి కాదు. పుట్టుకను బట్టి సైనికుడు అనే సిద్ధాంతానికి పక్క నుంచి పడిన గండి అది. దాన్ని దొరలు ప్రేమతో కొట్టలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో ఇండియన్ డిఫెన్స్ ఫోర్స్ చట్టం తెచ్చారు. దాని కింద విశ్వవిద్యాలయ దళాలు పుట్టాయి. కలకత్తా స్కాటిష్ చర్చి కాలేజీలో చదువుతున్న సుభాష్ చంద్రబోస్ ఆ దళంలో చేరి తుపాకీ పట్టాడు. తర్వాత 1920 చట్టంతో అవి యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్ అయ్యాయి. కానీ అందులో ఎన్నాళ్లు కవాతు చేసినా అసలు సైన్యంలో కమిషన్ వచ్చేది కాదు. దానికి ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ ఒక్కటే దారి. భారతీయులకు ఏడాదికి పది సీట్లు. ఆ సీట్లు ఎవరి ఇళ్లకు పోయేవో ఊహించడం కష్టం కాదు.

ఈ తలుపు మీద గట్టిగా కొట్టినవాళ్లలో ఒకరి పేరు చెబితే ఇవాళ చాలామందికి మింగుడుపడదు. 1925లో ఆండ్రూ స్కీన్ అధ్యక్షతన వేసిన కమిటీలో మోతీలాల్ నెహ్రూతోపాటు మహమ్మదలీ జిన్నా కూడా సభ్యుడు. మోతీలాల్ మధ్యలో తప్పుకున్నారు. జిన్నా మాత్రం ఉపసంఘంతో కలిసి ఇంగ్లండు, ఫ్రాన్సు, కెనడా, అమెరికా సైనిక విద్యాలయాలు తిరిగి చూసి వచ్చారు. శాండ్‌హర్స్ట్ లాంటి విద్యాలయం ఈ దేశంలోనే పెట్టాలని కమిటీ సిఫార్సు చేసింది. 1932లో డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలిటరీ అకాడమీ నలభై మందితో మొదలైంది. ఆ మొదటి జట్టులోనే తర్వాత భారత సైన్యాధిపతి అయిన మానెక్‌షా ఉన్నారు, పాకిస్తాన్ సైన్యాధిపతి అయిన మూసా ఉన్నారు, బర్మా సైన్యాధిపతి అయిన స్మిత్ డన్ కూడా ఉన్నారు. పదిహేనేళ్లకు దేశాన్ని పంచుకున్నప్పుడు ఆ అకాడమీలో కేడెట్లనూ పంచుకున్నారు.

ఈలోగా దక్కన్ నుంచి ఇద్దరు కుర్రాళ్లు రెండు వేర్వేరు దారుల్లో యూనిఫాం వేసుకున్నారు. ఇద్దరూ హైదరాబాదీలే. ఇద్రీస్ హసన్ లతీఫ్ నిజాం కాలేజీలో చదివి 1942లో వైమానిక దళంలో అధికారి అయ్యారు. 1947లో పాకిస్తాన్ రమ్మని తోటి ముస్లిం అధికారులు పిలిస్తే పోలేదు. 1978 నుంచి 1981 దాకా భారత వైమానిక దళాధిపతిగా ఉన్నారు. ఆ కుర్చీలో కూర్చున్న ముస్లిం ఇప్పటికీ ఆయన ఒక్కరే. రెండో ఆయన జైనుల్ ఆబిదీన్ హసన్. జర్మనీలో ఇంజనీరింగ్ చదువుతూ, బోస్ పిలుపు విని చదువు వదిలేసి ఆయన వెంట నడిచారు. 1943లో జలాంతర్గామిలో ఆ ప్రమాదపు ప్రయాణం చేసిందీ, ఆజాద్ హింద్ ఫౌజులో మేజర్ అయిందీ ఆయనే. కాషాయం రంగును తన పేరుకు తగిలించుకుని ఆబిద్ హసన్ సఫ్రానీ అయ్యారు. 'జైహింద్' అన్న మాట కూర్చింది కూడా ఆయనే అంటారు. ఇవాళ కాషాయం ఎవరి సొత్తో, జైహింద్ అనమని ఎవరు ఎవరిని నిలదీస్తున్నారో చూస్తున్నాం. అందుకే ఆయన పేరు మా పిల్లల పుస్తకాల్లో ఎక్కడుందని వెతుకుతుంటాను.

ఇక 1948. ఈ ఒక్క ఏడాదిని నెలలవారీగా చదవాలి. లేకపోతే మా ఇళ్లలో ఖాకీ అంటే ఏమిటో అర్థం కాదు.

స్వతంత్ర దేశంలో విద్యార్థి సైనిక శిక్షణ ఎలా ఉండాలో చెప్పమని పండిట్ హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన 1946లో కమిటీ వేశారు. దాని సిఫార్సు మీద 1948 ఏప్రిల్‌లో నేషనల్ కేడెట్ కోర్ చట్టం వచ్చింది. జూలై 3న జమ్మూ ప్రాంతంలోని ఝంగర్ దగ్గర బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ ఫిరంగి గుండుకు చనిపోయారు. ఆజంగఢ్ జిల్లాలో పుట్టిన మనిషి, శాండ్‌హర్స్ట్‌కు వెళ్లిన చివరి భారతీయ జట్లలో ఒకడు. బలూచ్ రెజిమెంటు పాకిస్తాన్‌కు పోయినా తాను పోలేదు. ఆయన పుట్టింది 1912 జూలై 15. బతికుంటే ముప్ఫై ఆరో పుట్టినరోజు జరుపుకోవలసిన 1948 జూలై 15నే ఎన్‌సీసీ మొదలైంది. కాకతాళీయమే. అయినా ప్రతి ఎన్‌సీసీ పిల్లాడికీ చెప్పదగిన కాకతాళీయం.

హైదరాబాద్ సంస్థానంలో అదే జూలైలో మరో కవాతు నడుస్తోంది. మా వాళ్లలో ఒక తరం కుర్రాళ్లకు లెఫ్ట్ రైట్ నేర్పింది కాలేజీ మైదానం కాదు, ఖాసిం రజ్వీ. ఆయన అలీగఢ్‌లో న్యాయశాస్త్రం చదివినవాడే. రజాకార్లు ఊళ్ల మీద పడి చేసిన దారుణాలను దాచుకోవలసిన అవసరం మాకు లేదు. ఆగస్టులో వాళ్లు చేయి నరికి చంపింది ఒక ఉర్దూ సంపాదకుణ్ని, 'ఇమ్రోజ్' షోయబుల్లా ఖాన్‌ను. ఉర్దూలో రాసి పొట్టపోసుకునే నాకు ఆయన సొంత పెద్దమనిషి.

సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది. ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయారు. తర్వాత జరిగింది చాలాకాలం పుస్తకాల్లోకి ఎక్కలేదు. ప్రభుత్వమే పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందం జిల్లాలు తిరిగి, చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని రాసింది. ఎంతోచోట్ల స్థానిక మూకల పని అది. కొన్నిచోట్ల యూనిఫాం వేసుకున్నవాళ్లూ ఉన్నారని ఆ బృందమే చెప్పింది. ఆ నివేదిక జనం కంటపడింది 2013లో. నిజాం ఫౌజు రద్దయింది. వేల ఇళ్లలో పొయ్యి ఆరింది. ఒకే ఏడాది, ఒకే ఖాకీ. దేశానికి అది కొత్త తరం కవాతు. దక్కన్ ముసల్మాను ఇంటికి అది తలుపు మీద పడిన దెబ్బ.

2000 ప్రాంతంలో డిగ్రీ చదువుతూ నేనూ ఎన్‌సీసీలో చేరాను. ఆదివారం పరేడు అయ్యాక ఉతికిన ఖాకీ చొక్కాను వాకిట్లో ఆరేస్తే దాదీ తీయించి పెరట్లో వేయించేది. ఎందుకని ఎవరమూ అడగలేదు, ఆమె చెప్పలేదు. 'సి' సర్టిఫికెట్ తెచ్చి చూపిస్తే అబ్బా సంతోషించారు. ఆ వెంటనే, "ఫౌజ్ మే అప్నే లోగాఁ కు కౌన్ లేతా బేటా" అన్నారు. మనవాళ్లను ఫౌజులో ఎవరు తీసుకుంటారని. కోపంగా అనలేదు, రేషన్ షాపులో చక్కెర అయిపోయిందన్నంత మామూలుగా అన్నారు. నన్ను భయపెట్టింది ఆ మామూలుతనమే.

అబ్బా మాట గాలిలోంచి రాలేదు. విభజన నాటికి 32 శాతం ఉన్న ముస్లిములు రెండు శాతానికి పడిపోయారని 1953లో రక్షణశాఖ సహాయ మంత్రి మహావీర్ త్యాగి స్వయంగా చెప్పారు. ఆ పడిపోవడంలో పెద్ద భాగం పాకిస్తాన్‌కు పోయిన రెజిమెంట్లది, నిజమే. మరి మిగిలిన భాగం? ఆ ప్రశ్న వేసి పుస్తకం రాసినవారు మన హైదరాబాదీ పరిశోధకుడు ఒమర్ ఖాలిదీ. 2006లో సచార్ కమిటీ లెక్క అడిగితే, సైన్యంలో మతాలవారీ లెక్కలుండవని పెద్ద గొడవ చేశారు. పార్లమెంటులో అరిచారు, టీవీల్లో అరిచారు. మతం చూడని సైన్యం కావాలనే మేమూ కోరుకుంటున్నాం. కానీ చూడకపోవడం వేరు, లెక్క చెప్పకపోవడం వేరు.

చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ మగపిల్లలకు ఎన్‌సీసీ తప్పనిసరి చేశారు. 1968లో మళ్లీ ఇష్టమైనవాళ్లకే అన్నారు. ఆ ఐదేళ్లూ ఉర్దూ ఇళ్ల పిల్లలు కూడా అందరితోపాటు మైదానంలో నిలబడ్డారు. ఎవరూ ఎవరి జాతినీ అడగలేదు. తప్పనిసరి చదువులంటే నాకు మోజు లేదు గానీ ఈ సంగతి మాత్రం ఆలోచింపజేస్తుంది. పిలిచినప్పుడు మా పిల్లలు వచ్చారు. పిలుపు ఆగాక, పక్కన చెప్పేవాళ్లు లేక, ఇంట్లో భయం ఉండి, ఆగిపోయారు.

ఇందులో మా పెద్దల వాటా లేదంటే ఒప్పుకోను. జల్సాల్లో ఉస్మాన్ పేరు చెబుతారు, వీర్ అబ్దుల్ హమీద్ పేరు చెబుతారు. పక్కనున్న కాలేజీలో ఎన్‌సీసీ యూనిట్ ఉందో లేదో కనుక్కోరు. లౌకికవాద మిత్రులదీ అదే దారి. మా మీద దాడి జరిగినప్పుడల్లా ఉస్మాన్ సమాధిని గుర్తుచేస్తారు. జామియా మిలియాలో ఉన్న ఆ సమాధి పలక 2020 డిసెంబర్‌లో పగిలి కనిపిస్తే సైన్యమే బాగుచేయించింది. మాకు చచ్చిపోయిన వీరులే సాక్షులు కావాలా? బతికున్న లెఫ్టినెంటు చాలడా? చాలడని కూడా చూశాం. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ వివరాలు దేశానికి చెప్పిన కల్నల్ సోఫియా ఖురేషీ మామూలు విశ్వవిద్యాలయంలో చదివి, చెన్నై అకాడమీలో శిక్షణ పొంది, 1999లో అధికారి అయిన మనిషి. వారం తిరక్కుండా మధ్యప్రదేశ్ మంత్రి ఒకరు ఆమెను ఉగ్రవాదుల అక్కచెల్లెలి కింద జమకట్టి మాట్లాడారు. హైకోర్టు తనంతట తాను కేసు పెట్టమంది. పాతికేళ్ల సర్వీసు తర్వాత ఆమెకు దొరికింది ఇది.

అయినా దారి ఉంది. ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్‌లో కనీసం బి గ్రేడు, డిగ్రీలో యాభై శాతం మార్కులుంటే యూపీఎస్సీ రాతపరీక్ష లేకుండానే సర్వీసెస్ సెలక్షన్ బోర్డుకు పోవచ్చు. ఆడపిల్లలకూ ఈ దారి ఉంది. నెగ్గితే చెన్నైలో ఏడాది దాకా శిక్షణ. బోర్డు దగ్గర ఐదు రోజులు. కథ రాయిస్తారు, గుంపులో మాట్లాడిస్తారు, దుంగలూ తాళ్లూ ఇచ్చి గోడ దాటమంటారు. 1943లో దొరలు ఇక్కడ మొదలుపెట్టిన పద్ధతే కాస్త మారి నడుస్తోంది.

మా మొహల్లా కుర్రాడొకడు ఈ మధ్య పోయివచ్చాడు. మొదటి ప్రయత్నంలో రాలేదు, మళ్లీ పోతానంటున్నాడు. అక్కడ పేర్లతో పిలవరట చాచా, ఛాతీకి కట్టిన నంబరుతో పిలుస్తారట అని వాడి తమ్ముడు గొప్పగా చెప్పాడు. వాడు మాత్రం వేరే సంగతి అడిగాడు. వెళ్లగానే ఒక ఫారం నింపమన్నారట. అందులో మతం అని ఒక గడి, మాతృభాష అని ఒక గడి. మతం గడి దగ్గర కలం ఆగలేదట. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బడిలో చదివింది తెలుగు, కోపం వస్తే నోట్లోంచి వచ్చేది తెలుగే. రెండో గడిలో ఏం రాయాలో తెలియక పక్కవాడి కాగితంలోకి తొంగిచూశాడట. పక్కవాడిది పంజాబీ.

"ఈసారి ఏం రాయను చాచా?" అన్నాడు.