నారుమడి నుంచి టొరంటో దాకా: నిమ్మల అర్జున్ ఎక్కాల్సిన మెట్లు



మన గ్రూపులో ఈమధ్య ఒక ఫోటో తిరిగింది. నీలం చొక్కా, తలమీద టోపీ, చేతిలో గుండ్రటి బ్యాటు. కింద "అమెరికా బేస్‌బాల్‌లో మన తెలుగుబిడ్డ, కోట్లు సంపాదిస్తున్నాడు" అని రాసుంది. చాలామంది దండాలు పెట్టారు. ఇద్దరు ముగ్గురు ఉగాది సభకి ఫ్లెక్సీ వేయిద్దాం అన్నారు. ఆ అబ్బాయి ఆట నేను రెండేళ్ళుగా ఫోన్‌లో చూస్తున్నాను. మా అక్క కొడుకు కెనడాలో ఉంటాడు, వాడు అంటించిన జబ్బు ఇది. ఫ్లోరిడాలో సాయంత్రం ఆరున్నరకి ఆట మొదలైతే మనకి తెల్లవారుజాము నాలుగు. రిటైరైనవాడికి ఆ వేళకి నిద్ర ఎటూ ఉండదు కదా. కాబట్టి ఫ్లెక్సీ సంగతి తేల్చేముందు ఈ కథ ఎక్కడ మొదలైందో, ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో చెప్తాను. పొడుగే. టీ పెట్టుకొని చదవండి.

అబ్బాయి పేరు అర్జున్, ఇంటిపేరు నిమ్మల. అమ్మానాన్నలు విజయవాడ నుంచి వెళ్ళినవాళ్ళు. వీడు 2005 అక్టోబరులో పుట్టాడు, ఫ్లోరిడాలో టాంపా పక్కన పెరిగాడు, డోవర్ అనే ఊళ్ళో స్ట్రాబెర్రీ క్రెస్ట్ హైస్కూల్లో చదివాడు. ఆడేది షార్ట్‌స్టాప్, అంటే రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య నిలబడి దూసుకొచ్చే బంతిని ఆపి విసిరే చోటు. క్రికెట్‌లో పాయింట్ ఫీల్డర్ పని, దానికి రెండింతల తొందర అనుకోండి. 2023 జూలైలో టొరంటో బ్లూ జేస్ అనే పెద్ద క్లబ్బు వీణ్ణి డ్రాఫ్ట్ మొదటి రౌండులోనే, 20వ పేరుగా ఎంచుకుంది. అప్పటికి పద్దెనిమిది నిండలేదు. చేరినందుకు ఇచ్చిన బోనస్ సుమారు 30 లక్షల డాలర్లు. ఫోటో కింద రాసిన "కోట్లు" అవే. అది ఒక్కసారి ఇచ్చే డబ్బు, నెలనెలా వచ్చేది కాదు.

ఇంకో సంగతి ఆ ఫోటో కింద లేదు. 2025 సీజన్ ముగిసేదాకా అర్జున్ టొరంటో మెయిన్ జట్టుకి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. క్లబ్బు వాణ్ణి కొన్నది అప్పటికప్పుడు ఆడించడానికి కాదు, పెంచడానికి.

ఈ పెంచే పద్ధతికి వందేళ్ళ చరిత్ర ఉంది. అంతకుముందు అమెరికాలో చిన్న ఊళ్ళ క్లబ్బులు దేనికది సొంతంగా నడిచేవి. బాగా ఆడే కుర్రాడు దొరికితే వాణ్ణి పెద్ద ఊరి క్లబ్బుకి అమ్ముకునేవి. డబ్బున్న క్లబ్బు కొనుక్కునేది, లేనిది చూస్తూ కూర్చునేది. సెయింట్ లూయిస్ కార్డినల్స్ దగ్గర డబ్బు లేదు. దాన్ని నడిపిన బ్రాంచ్ రికీ అనే ఆయన ఒక లెక్క వేశాడు: పండిన పంట కొనే స్తోమత లేకపోతే నారు మనమే పోసుకోవాలి. 1919, 20 ప్రాంతాల నుంచి హ్యూస్టన్ లాంటి ఊళ్ళ చిన్న క్లబ్బుల్లో వాటాలు కొనడం మొదలుపెట్టాడు. పదహారు పదిహేడేళ్ళ కుర్రాళ్ళని కింద జట్టులో వేసి, నిలబడినవాణ్ణి ఒక్కో మెట్టూ పైకి జరిపాడు. 1926లో ఆ డబ్బులేని క్లబ్బే ఛాంపియన్ అయింది. తర్వాత రోజుల్లో వాళ్ళ చేతికింద ముప్పైకి పైగా చిన్న జట్లు ఉండేవి. జనం దానికి "ఫార్మ్ సిస్టమ్" అని పేరు పెట్టారు. పొలం పద్ధతి. మా బడి తమిళంలో నాట్రంగాల్ అంటారు, ఇంట్లో అమ్మ నారుమడి అనేది. నాకైతే పొలం కంటే నారుమడి అన్నమాటే దీనికి సరిపోతుందనిపిస్తుంది. మడిలో ఒత్తుగా పోస్తాం, పీకి నాటేది కొన్నే.

రికీని ఊరికే పొగడటానికి రాయడం లేదు. కుర్రాళ్ళని గొలుసుకట్టి ఉంచుతున్నాడని 1938లో బేస్‌బాల్ కమిషనర్ లాండిస్, కార్డినల్స్ కింద ఉన్న డెబ్బైమందికి పైగా ఆటగాళ్ళని విడుదల చేశాడు. అదే రికీ తర్వాత బ్రూక్లిన్ క్లబ్బుకి వెళ్ళి, 1945లో జాకీ రాబిన్సన్ అనే నల్లవాణ్ణి తీసుకున్నాడు. అప్పటిదాకా నల్లవాళ్ళకి ఆ తలుపులు మూసే ఉన్నాయి. రాబిన్సన్‌ని కూడా నేరుగా పైకి ఎక్కించలేదు. 1946 అంతా కెనడాలో మాంట్రియల్ జట్టులో ఆడించి, 1947లో బ్రూక్లిన్‌కి తెచ్చాడు. చరిత్ర మార్చినవాడు కూడా కింది మెట్టు మీద ఒక ఏడాది నిలబడాల్సి వచ్చింది.

ఇప్పుడు మెట్లు ఎలా ఉన్నాయో రైల్వే భాషలో చెప్తాను, మనకి అదే తొందరగా ఎక్కుతుంది. మునుపు జూనియర్ క్లర్కు, సీనియర్ క్లర్కు, హెడ్ క్లర్కు, ఆఫీస్ సూపరింటెండెంట్ ఉండినట్టే టొరంటోకి కింద వరుస ఉంది. అడుగున ఫ్లోరిడాలో శిక్షణ కేంద్రం జట్టు. తర్వాత అక్కడే డనీడిన్. తర్వాత వాంకూవర్. తర్వాత న్యూ హాంప్‌షైర్. ఆఖరి మెట్టు బఫలో. దానిపైన టొరంటో. తేడా ఏమిటంటే ఇక్కడ సీనియారిటీ లెక్కలేదు. వెనక వచ్చినవాడు దాటిపోవచ్చు, పైకి వెళ్ళినవాణ్ణి కిందికి దించవచ్చు, ఒక తెల్లవారి కాగితం చేతికిచ్చి ఇంటికి పంపవచ్చు. యూనియన్ కూడా మొన్నమొన్నటిదాకా లేదు. 2022లో యూనియన్ గొడుగు కిందికి వచ్చారు, 2023లో మొదటి ఒప్పందం అయింది. దానికి ముందు అడుగు మెట్టు కుర్రాడి జీతం ఏడాదికి సుమారు 4,800 డాలర్లు. ఒప్పందం తర్వాత 19,800. అర్జున్‌లాగా బోనస్ దొరికినవాళ్ళు తక్కువ. మిగతావాళ్ళు ఆ జీతం మీదే ఇన్నాళ్ళూ ఒకే గదిలో అయిదుగురు పడుకొని ఆడారు.

లెక్క చూడండి. ముప్పై పెద్ద క్లబ్బులు, ఒక్కోదానికి 26 మంది. మొత్తం 780 కుర్చీలు, అన్నిటిలోనూ ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు. ప్రతి ఏడూ డ్రాఫ్ట్ 20 రౌండ్లు, అంటే దాదాపు 600 మంది కొత్తవాళ్ళు. ఇతర దేశాల నుంచి వచ్చేవాళ్ళు వేరే. మన ఫీల్డ్స్‌లో మొదటి రోజుల్లో టన్ను రాయికి నలభై గ్రాముల పైన బంగారం వచ్చేదనీ, చివరికి మూడు గ్రాముల దగ్గరికి పడిపోయిందనీ పెద్దవాళ్ళు చెప్పేవారు. ఈ ఆట మొదటినుంచీ మూడు గ్రాముల ఆటే.

మనదేశం నుంచి ఈ మెట్లు ఎక్కబోయిన మొదటివాళ్ళు తెలుగువాళ్ళు కాదు, ఉత్తరప్రదేశ్ పల్లెటూరి పిల్లలు. 2008లో "మిలియన్ డాలర్ ఆర్మ్" అని ఒక టీవీ పోటీ పెట్టారు. జోరుగా, గురిగా బంతి విసిరినవాడికి బహుమతి. రింకూ సింగ్, దినేశ్ పటేల్ నెగ్గారు. ఇద్దరూ లక్నో స్పోర్ట్స్ హాస్టల్లో ఈటె విసిరేవాళ్ళు. బేస్‌బాల్ బంతి అంతకుముందు పట్టుకున్నవాళ్ళు కారు. అమెరికా తీసుకెళ్ళి నేర్పిస్తే ఆ ఏడాది చివరికల్లా పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఇద్దరితోనూ సంతకం పెట్టించుకుంది. దినేశ్‌ని రెండేళ్ళకి పంపేశారు. రింకూ కింది మెట్ల మీద కొన్నేళ్ళు గట్టిగానే ఆడాడు, తర్వాత మోచేయి దెబ్బతింది. 2018లో కుస్తీ కంపెనీలో చేరి వీర్ మహాన్ అనే పేరుతో తెరమీదికి వచ్చాడు. వాళ్ళమీద 2014లో డిస్నీ సినిమా తీసింది. సినిమా సంతకం దగ్గర ఆగిపోతుంది. అసలు కష్టం అక్కడినుంచే మొదలు.

కుమార్ రాకర్ అనే ఇంకో అబ్బాయి ఉన్నాడు. నాన్న నల్లజాతి అమెరికన్, ఫుట్‌బాల్‌లో పేరున్న మనిషి. అమ్మ పేరు లలిత, ఆవిడ అమ్మానాన్నలు మనదేశం నుంచి వెళ్ళినవాళ్ళు. కాలేజీలో ఉన్నప్పుడు 2019లో ఒక మ్యాచ్‌లో ఎదుటి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ పదో పేరుగా ఎంచుకుంది. డాక్టర్ల రిపోర్టు చూసి వెనక్కి తగ్గింది, సంతకం కాలేదు. ఏడాదంతా ఊరుపేరు లేనివాడైపోయాడు. 2022లో ఏ పెద్ద క్లబ్బుకీ చెందని ఒక చిన్న లీగ్‌లో ఆడి చూపించాడు. టెక్సాస్ రేంజర్స్ ఏకంగా మూడో పేరుగా తీసుకుంది. 2023లో మోచేతికి ఆపరేషన్. 2024 సెప్టెంబరులో పైజట్టులో మొదటి ఆట. ఫ్లెక్సీ వేయాలంటే 2021లో వేసి, చించి, మళ్ళీ వేయాల్సి వచ్చేది.

ఇక మన అర్జున్. 2024లో డనీడిన్‌లో మొదలుపెట్టాడు. మొదటి వారాల్లో చూడలేకపోయాను. బయటికి పోయే బంతికి బ్యాటు ఊపడం, అవుట్ అవడం, తల వంచుకొని నడవడం. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు, ఎదురుగా ఇరవైరెండు, ఇరవైమూడేళ్ళ పిచ్చర్లు. అప్పుడు క్లబ్బు చేసిన పని చూడండి. తిట్టలేదు, తీసేయలేదు. కొన్నాళ్ళు మ్యాచ్‌లు మాన్పించి, ఫ్లోరిడా శిక్షణ కేంద్రానికి దించి, బ్యాటు ఊపే తీరు సరిచేయించి మళ్ళీ డనీడిన్‌కి పంపింది. తిరిగొచ్చినవాడు వేరే మనిషిలా కొట్టాడు. హోమ్ రన్లు వరసగా వచ్చాయి. నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఆ దించడమే. దించారు కాబట్టే ఎక్కాడు. 2025 అంతా వాంకూవర్‌లో ఆడించారు. మొదట్లో బాగా కొట్టాడు, వేసవి ముదిరేకొద్దీ బ్యాటు నెమ్మదించింది. పందొమ్మిదేళ్ళు. ఆ మెట్టు మీద వాడికంటే చిన్నవాళ్ళు చాలా తక్కువ.

అదే ఏడాది, అదే క్లబ్బు, అదే 20వ నంబరు చూడండి. 2024 డ్రాఫ్ట్‌లో టొరంటో 20వ పేరుగా ట్రే యెసావేజ్ అనే పిచ్చర్‌ని తీసుకుంది. 2025 మొదట్లో అతనూ డనీడిన్‌లోనే. కొన్నాళ్ళు వాంకూవర్‌లో అర్జున్‌తో కలిసి ఆడాడు. తర్వాత న్యూ హాంప్‌షైర్, బఫలో, సెప్టెంబరులో టొరంటో. అక్టోబరులో వరల్డ్ సిరీస్ అయిదో ఆటలో లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ మీద 12 మందిని స్ట్రైకౌట్ చేశాడు, ఆ సిరీస్‌లో కొత్త ఆటగాడు ఎవరూ అంతమందిని తీయలేదు. సిరీస్ చివరికి టొరంటో ఏడో ఆటలో ఓడిపోయింది, అది వేరే ఏడుపు. మా మేనల్లుడు ఆ రాత్రి ఫోన్ చేసి, "మామా, మనవాడు ఇంకా వాంకూవర్‌లోనే ఉండిపోయాడే" అన్నాడు. నేను వాడితో అన్నాను, యెసావేజ్ కాలేజీలో ఆడి వచ్చాడు, మనవాడు బడి నుంచి వచ్చాడు. రెండు నార్లు ఒకేసారి పోయలేదు, ఒకేసారి ఎందుకు కోస్తాం?

ఇంకో భయం కూడా ఉంది. కింది మెట్ల పిల్లలు క్లబ్బుకి చిల్లర డబ్బుల్లాంటివాళ్ళు. 2025 జూలై 31న టొరంటో షేన్ బీబర్ అనే పెద్ద పిచ్చర్‌ని తెచ్చుకోవడానికి ఖాల్ స్టీఫెన్ అనే కుర్ర పిచ్చర్‌ని క్లీవ్‌లాండ్‌కి ఇచ్చేసింది. ఏడాది ముందే ఏరికోరి తీసుకున్నవాడు. రేపు అర్జున్‌నీ అలాగే ఇచ్చేయవచ్చు. అప్పుడు మన ఫ్లెక్సీ మీద చొక్కా రంగు మార్చాలి.

ఇప్పుడు మన ఊరి మాట. మైన్స్ నడిచిన రోజుల్లో మన దగ్గరా ఒక నారుమడి ఉండేది. గ్రౌండ్లు, క్లబ్బులు, ఫుట్‌బాల్ జట్లు, హాకీ జట్లు. షిఫ్టు దిగి వచ్చిన మనిషి సాయంత్రం ఆడేవాడు, వాడి కొడుకు గట్టుమీద కూర్చొని చూసేవాడు. 2001 ఫిబ్రవరి ఆఖరున గనులు మూసేశారు. లైన్లలో ఇళ్ళు మిగిలాయి, ఆడించే చెయ్యి పోయింది. ఇప్పుడు మన పిల్లలు తెల్లవారి బండికి బెంగళూరు పోతున్నారు, రాత్రి వస్తున్నారు. ఎప్పుడు ఆడాలి?

నేను పనిచేసిన రోజుల్లో స్పోర్ట్స్ కోటా ఫైళ్ళు నా బల్లమీదుగా పోయేవి. కోటా మంచిదే, దానివల్ల బతికిన కుటుంబాలు చాలా ఉన్నాయి. కానీ అది పండిన పంట కొనే పద్ధతి. వయసు పద్దెనిమిది నుంచి ఇరవై అయిదు లోపల ఉండాలి, సర్టిఫికెట్ ఈమధ్య సంవత్సరాలదై ఉండాలి, ట్రయల్స్‌లో ఆ రోజు ఆడి చూపించాలి. మా లైన్లో ఒక అబ్బాయి ఉండేవాడు, పేరు వద్దు. బంతి వేస్తే స్టంపు ఎగిరి పడేది. ఒక పెద్ద సంస్థ ట్రయల్స్‌కి బెంగళూరు పిలిచారు. రాత్రంతా నిద్రలేదు, పొద్దున బండిలో నిలబడి పోయాడు, తిండి లేదు. రెండో ఓవర్లో కాలి పిక్క పట్టేసింది. అంతే, "నెక్స్ట్" అన్నారు. కొన్నాళ్ళు శిక్షణ కేంద్రానికి దించి, సరిచేసి, మళ్ళీ పంపేవాళ్ళు వాడికి లేరు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు, పిల్లలు బాగున్నారు. వాడికి ఒక్క రోజు ఇచ్చారు. అర్జున్‌కి 2025 ముగిసేసరికే రెండు సీజన్లు పూర్తిగా ఇచ్చారు.

అందుకని సంఘానికి నా విన్నపం. అర్జున్ ఎక్కడున్నా బాగా ఆడాలి, మన ఆశీస్సులు వాడికి ఉంటాయి. మన ఫ్లెక్సీ వాడికి కనపడదు. ఆ డబ్బూ, ప్రతి ఏడూ క్రీడల రోజున గెలిచినవాళ్ళకి కప్పే శాలువాల డబ్బూ కలిపితే ముగ్గురు పిల్లలకి సరిపోతుంది. ఆడపిల్ల ఒకతైనా ఉండాలి. గెలిచినవాళ్ళనే కాదు, నాలుగో అయిదో వచ్చి వయసు తక్కువున్నవాళ్ళనీ చూడాలి. మూడేళ్ళు పేరు తీసేయకూడదు, ఒక ఏడు బాగా ఆడకపోయినా సరే. బూట్లు, గుడ్లు, పాలు, బెంగళూరు కోచింగ్‌కి రైల్వే సీజన్ టికెట్. టికెట్ ఫారాలు నేను నింపుతాను. ఎవరు ఎన్ని రోజులు ప్రాక్టీసుకి వచ్చారు, ఎప్పుడు దెబ్బ తగిలింది, ఎప్పుడు తిరిగొచ్చారు అనే రిజిస్టర్ కూడా నేనే రాస్తాను. సర్వీసంతా రాసిన పనే కదా. వచ్చే మీటింగులో ఈ మాట అజెండాలో పెట్టమని సెక్రటరీగారికి విడిగా కాగితం ఇచ్చాను.