అయనామి రేయ్: మితభాషిత్వం, వ్యక్తిత్వం, ప్రతీకాత్మకత

వ్యాససంగ్రహం:

జపాన్ అనిమే ధారావాహిక 'నియాన్ జెనెసిస్ ఎవాంజెలియన్' (1995-96)లోని అయనామి రేయ్ మితభాషిణిగా ప్రపంచ ప్రసిద్ధి పొందిన పాత్ర. ఆమె మౌనాన్ని భావశూన్యతగా, విధేయతగా గ్రహించే అలవాటు ప్రేక్షకులలోనూ, ఆమె ఛాయలో పుట్టిన తరువాతి రచనలలోనూ బలపడింది. మూలకృతిలోని సన్నివేశాలు ఈ గ్రహింపును సమర్థించవనీ, ఆమెది భాష ఇంకా చేతికందని మనిషి మౌనమనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. పాత్ర నామకరణం, దృశ్య నిర్మాణం, 1995 నుంచి 2021 వరకు ఆ పాత్ర పొందిన పరిణామం ఇందులో పరిశీలితాంశాలు.

కీలక పదాలు: అనిమే, అయనామి రేయ్, మౌనం, ప్రతీక, సాత్త్విక భావాలు, బొమ్మ.

1. ఉపోద్ఘాతం

మౌనం అర్ధాంగీకారం అన్నది తెలుగునాట వాడుకలో ఉన్న నానుడి. మాట్లాడనివారి మనసును నిర్ణయించే హక్కును ఎదుటివారికి దఖలుపరిచే మాట అది. పెళ్లిచూపుల్లో తలవంచుకుని కూర్చున్న అమ్మాయి విషయంలో ఈ మాట ఎంత సులువుగా పెద్దల నోట వస్తుందో తెలిసినదే. కల్పిత పాత్రల విషయంలోనూ ఇదే జరుగుతుంది. పాత్ర మాట్లాడని చోట ప్రేక్షకుడు తనకు కావలసిన మాటను నింపుకుంటాడు. అలా నింపుకున్న మాటలు కాలక్రమంలో పాత్ర స్వభావంగానే స్థిరపడిపోవడానికి అయనామి రేయ్ కంటే స్పష్టమైన ఉదాహరణ అనిమే చరిత్రలో దొరకడం కష్టం.

హిదెయాకి అన్నో దర్శకత్వంలో గైనాక్స్ సంస్థ నిర్మించిన ఈ ధారావాహిక 1995 అక్టోబర్ 4 నుంచి 1996 మార్చి 27 వరకు టీవీ టోక్యోలో 26 భాగాలుగా ప్రసారమైంది. కథాకాలం 2015. ఒక మహావిపత్తు తరువాత మిగిలిన ప్రపంచంపై 'దేవదూతలు' అని పిలిచే వింతజీవులు దాడి చేస్తుంటాయి. వాటిని ఎదుర్కొనడానికి నెర్వ్ అనే సంస్థ 'ఎవా' అనే మహాకాయాలను తయారుచేస్తుంది. వాటిని నడిపేది పద్నాలుగేళ్ల పిల్లలు. వారిలో మొదటి వ్యక్తి రేయ్. కథానాయకుడు ఇకారి షింజి, నెర్వ్ అధిపతి గెండో కుమారుడు. రేయ్ గెండో ఆజ్ఞలకు లోబడి ఉండే పిల్లగా పరిచయమవుతుంది. ఆమె ఒక వ్యక్తి కాదనీ, గెండో భార్య యుయి దేహావశేషాల నుంచి రూపొందిన కృత్రిమ దేహమనీ, ఒక దేహం నశిస్తే మరొకటి సిద్ధంగా ఉంటుందనీ కథ చివరి భాగాలలో గానీ తెలియదు.

1995 జనవరి 17న కోబే భూకంపం, మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ విషవాయు దాడి జరిగాయి. ఈ కృతిలోని వినాశ దృశ్యాలను ఆ రెండింటితో ముడిపెట్టడం పరిపాటి. అయితే పాత్రల రూపకర్త సదమోతో యోషియుకి చిత్రించిన ఇదే కథ 1994 డిసెంబరులోనే పత్రికలో మొదలైంది. కాబట్టి ఆ సంఘటనలు కథ పుట్టుకను కాక, అది పొందిన ఆదరణను వివరించడానికి మాత్రమే ఉపకరిస్తాయి.

2. పేరులోని పొరలు

'అయనామి' ఇంటిపేరు. జపాన్ నౌకాదళంలో ఆ పేరుతో ఒక యుద్ధనౌక ఉండేది. 1942 నవంబరులో గ్వాడల్‌కెనాల్ దగ్గర జరిగిన పోరులో అది మునిగిపోయింది. ఈ కృతిలో చాలా పాత్రలకు నౌకల పేర్లే పెట్టారు. పదంగా చూస్తే అది నేతలోని అల్లికను తలపించే అలలు అనే అర్థం ఇస్తుంది. 'రేయ్' అన్న పేరును మాత్రం అన్నో 'సైలర్ మూన్'లోని హినో రేయ్ నుంచి తీసుకున్నాడు. ఆ రేయ్ ముక్కుమీద కోపం ఉన్న పిల్ల. ఆమె పేరు జపాన్ అనిమేలోకెల్లా నిశ్శబ్దమైన పాత్రకు రావడం విచిత్రమే.

మూలంలో ఈ పేరును భావలిపిలో కాక కేవలం ధ్వనిని సూచించే కతకానాలో రాస్తారు. దానివల్ల అర్థం తెరిచి ఉండిపోతుంది. 'రేయ్' అన్న ఉచ్చారణకు సున్న అనీ, ఆత్మ అనీ కూడా అర్థాలున్నాయి. ఆమె నడిపే ఎవా సంఖ్య సున్న. ఆత్మ ఎక్కడిదన్నది ఆమె కథలోని ముఖ్యమైన చిక్కుముడి. తెలుగు పాఠకుడికి ఈ పేరు వినగానే 'రేయి' గుర్తుకు రావచ్చు. ఆమె సన్నివేశాలలో చంద్రబింబం పదేపదే కనిపిస్తుంది గనుక ఆ పోలిక ఆకర్షణీయంగానే ఉంటుంది. కానీ అది కేవలం ధ్వనిసామ్యం. ప్రతీకల అన్వేషణలో ఇలాంటి యాదృచ్ఛికాలను సాక్ష్యాలుగా లెక్కించకూడదు.

3. నిశ్చలత: పొదుపు, శైలి

కదలని ముఖం అనిమేకు కొత్త కాదు. 1963 జనవరి 1న తెజుకా ఒసాము 'తెత్సువాన్ అతోము' ప్రసారం మొదలైనప్పుడు వారం వారం అరగంట నిడివి గల బొమ్మల కథను అందించడానికి గీతల సంఖ్యను తగ్గించడం తప్పలేదు. ఒకే చిత్రాన్ని ఎక్కువసేపు నిలిపి ఉంచడం, పెదవులను మాత్రమే కదిలించడం, నేపథ్యాన్ని జరపడం వంటి పద్ధతులు అలా స్థిరపడ్డాయి. మూడు దశాబ్దాల తరువాత ఈ పొదుపు ఒక వ్యాకరణమైంది. రేయ్ ఆ వ్యాకరణానికి సరిగ్గా నప్పిన పాత్ర. 22వ భాగంలో రేయ్, అసుకా లిఫ్టులో నిలబడి ఉన్న దృశ్యం దాదాపు నిమిషంపాటు కదలదు. యంత్రం చప్పుడు తప్ప మరేదీ వినిపించదు. ఇందులో నిర్మాణపు ఇబ్బంది ఎంత, శిల్పం ఎంత అని తూకం వేయడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. ఆ ఉక్కపోతను ప్రేక్షకుడు అనుభవిస్తాడు.

జపాన్ నో నాటక సంప్రదాయంలో కొయ్య ముఖౌటాను కొద్దిగా పైకెత్తితే వెలుగు, కిందికి వంచితే నీడ పడతాయి. వాటినే భావాలుగా గ్రహిస్తారు. ముఖం మారదు, చూసేవారికి మారినట్టు తోస్తుంది. రేయ్ ముఖచిత్రణను చూసినప్పుడు ఈ పోలిక స్ఫురిస్తుంది. అయితే అక్కడే ఒక ప్రమాదమూ ఉంది. ముఖౌటా వెనుక నటుడు ఉన్నాడని నో ప్రేక్షకుడికి తెలుసు. రేయ్ వెనుక ఎవరూ లేరని అనుకున్నవారే ఎక్కువ.

4. మౌనం వెనుక ఉన్న మనిషి

రేయ్‌కు గాత్రమిచ్చిన హయాషిబారా మెగుమికి అన్నో చెప్పిన వివరణ ప్రసిద్ధం. ఆమెకు భావాలు లేవని కాదు, అవి ఏమిటో ఆమెకు తెలియదని దాని సారాంశం. పైకి చిన్న తేడాలా కనిపించే ఈ మాటపైనే పాత్ర మొత్తం ఆధారపడి ఉంది. భావం లేని పాత్రకు ఎదుగుదల ఉండదు. భావం ఉండి దాని పేరు తెలియని పాత్రకు ప్రతి సన్నివేశమూ ఒక పాఠమే.

5వ భాగంలో షింజి ఆమె గుర్తింపు కార్డు ఇవ్వడానికి ఇంటికి వెళ్తాడు. పాడుబడిన భవన సముదాయం, 402వ నంబరు గది, రక్తపు మరకల కట్లు, మందులు. వీటి మధ్య పగిలిన కళ్లజోడు ఒకటి జాగ్రత్తగా దాచి ఉంటుంది. ఎవా ప్రయోగం విఫలమైనప్పుడు ఆమెను కాపాడటానికి గెండో వేడెక్కిన లోహపు తలుపును వట్టిచేతులతో తెరిచాడు. కళ్లజోడు అప్పటిది. ఏమీ లేని గదిలో ఒక్క వస్తువును దాచుకున్న పిల్లను భావశూన్యురాలు అనడం ఎలా? అదే భాగంలో షింజి తన తండ్రిని నమ్మలేనని అంటే అతని చెంప ఛెళ్లుమనిపిస్తుంది. గెండోతో ఆమె హాయిగా మాట్లాడుతుండటాన్ని షింజి దూరం నుంచి చూస్తాడు. ఆమె మితభాషిత్వం అందరి పట్లా ఒకేలా లేదన్నమాట. అది స్వభావం కన్నా సంబంధాల లేమిని సూచించేది. ఈ సూక్ష్మాన్ని తరువాతి అనుకర్తలు దాదాపు పూర్తిగా విస్మరించారు.

6వ భాగంలో యుద్ధానికి వెళ్లేముందు నిండు చంద్రుడి వెలుగులో ఆమె షింజికి వీడ్కోలు పలుకుతుంది. పోరు ముగిశాక, ఈసారి షింజి కాలిన తలుపును చేతులతో తెరిచి ఆమెను చేరుకుంటాడు. అలాంటి వీడ్కోలు మాటలు అనవద్దని ఏడుస్తాడు. ఇటువంటప్పుడు ముఖం ఎలా పెట్టాలో తెలియదని ఆమె అంటే, నవ్వితే చాలునంటాడు. ఆమె నవ్వుతుంది. ఆ నవ్వు ప్రసిద్ధమైంది గానీ, దాని ముందు వచ్చిన ప్రశ్న అంతకన్నా ముఖ్యం. మనుషులకు సహజంగా అబ్బుతాయనుకునే వాటిని ఆమె అడిగి నేర్చుకోవలసి వస్తోంది.

15వ భాగంలో ఆమె గుడ్డ పిండే తీరు అమ్మను గుర్తుచేస్తోందని షింజి అంటే బుగ్గలు ఎర్రబడతాయి. 17వ భాగంలో తన గదిని శుభ్రం చేసిన షింజికి కృతజ్ఞత చెప్పి, ఆ మాట తాను మొదటిసారి పలికానని, గెండోకు కూడా ఎన్నడూ చెప్పలేదని గమనించి తనే ఆశ్చర్యపోతుంది. 14వ భాగంలోని దీర్ఘ స్వగతంలో తనకు నచ్చని రంగు ఎరుపని చెబుతుంది. ఇష్టాయిష్టాలు ఉన్నాయి, సిగ్గు ఉంది, కృతజ్ఞత ఉంది. ఒక్కొక్కటిగా మాటలు దొరుకుతున్నాయి.

భరతుడు చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాలలో అశ్రువు ఒకటి. మనసు లీనం కానిదే పుట్టనివి గనుక వాటిని ఇతర అనుభావాల నుంచి వేరుచేశారు. ఆ విభజన రంగస్థల నటులను దృష్టిలో పెట్టుకుని చేసింది, గీసిన బొమ్మకు యథాతథంగా వర్తించదు. అయినా 23వ భాగాన్ని వివరించడానికి అంతకన్నా అనువైన పరిభాష కనిపించదు. ఆ భాగం జపాన్ శీర్షికే 'కన్నీళ్లు'. దేవదూత తన దేహంలో కలిసిపోతున్నప్పుడు చేతిమీద పడిన తడిని చూసి, ఇవి కన్నీళ్లా, ఏడుస్తున్నది నేనా అని రేయ్ తెలుసుకుంటుంది. తరువాత షింజిని కాపాడటానికి తన ఎవాను పేల్చివేసి మరణిస్తుంది. ఆమె స్థానంలో లేచిన మూడవ రేయ్ ఆ పగిలిన కళ్లజోడును చూసి, ఎందుకో తెలియకుండానే కన్నీరు పెడుతుంది. మనసుకు తెలిసే ముందే దేహానికి తెలుస్తుంది. ప్రతిదేహమూ మరొక నకలేనని కథ చెబుతుండగా, ఆ ఏడుపు మాత్రం ఆ నకలుకే చెందినదిగా మిగులుతుంది.

5. బొమ్మ అన్న ఆరోపణ

లిఫ్టులో మౌనాన్ని ఛేదించేది రేయే. మనసు తెరవకపోతే ఎవా కదలదని అసుకాకు చెబుతుంది. అసుకా ఆమెను ఆజ్ఞలు పాటించే బొమ్మ అంటుంది. కాదని రేయ్ బదులిస్తుంది. అసుకా చెంపదెబ్బ కొడుతుంది. 1997 జూలైలో విడుదలైన 'ది ఎండ్ ఆఫ్ ఎవాంజెలియన్' చిత్రంలో ఇదే మాట గెండో వరకు చేరుతుంది. ఆమె దేహాన్ని సాధనంగా చేసుకుని భార్యను కలుసుకోవాలన్నది అతని జీవితకాలపు పథకం. చివరి క్షణంలో తాను అతని బొమ్మను కానని రేయ్ నిరాకరించి వెళ్లిపోతుంది. గెండో ఆమె మౌనాన్ని అంగీకారంగా లెక్కవేసుకున్నాడు. ఆ లెక్క తప్పడమే ఆ చిత్రంలోని కీలకమైన మలుపు.

అంత స్పష్టంగా నిరాకరించినా, ఆమె పేరుతో అంగడికి చేరింది బొమ్మలే.

6. లక్షణాల జాబితాగా మారిన పాత్ర

విమర్శకుడు అజుమా హిరోకి 2001లో ప్రచురించిన గ్రంథంలో ఈ పరిణామాన్ని చర్చించాడు. రేయ్ తరువాత మితభాషిత్వం, నీలి జుట్టు, తెల్లని చర్మం, అంతుచిక్కని శక్తి అన్నవి విడివిడి లక్షణాలుగా చలామణిలోకి వచ్చి, కొత్త పాత్రల తయారీలో ముడిసరుకు అయ్యాయని అతని పరిశీలన. 1996 నాటి 'నదేసికో' ధారావాహికలోని హోషినో రురి అతను చూపిన ఉదాహరణలలో ఒకటి. 2006లో అనిమేగా వచ్చిన 'సుజుమియా హరుహి'లోని నగాతో యుకి ఇదే వంశానికి చెందినదని చెప్పవచ్చు. వీరిని రేయ్‌కు నకళ్లుగా కొట్టిపారేయడం అన్యాయం. యుకికి తనదైన కథ, తనదైన తిరుగుబాటు ఉన్నాయి. సమస్య జాబితాతోనే. జాబితాలో 'మాట్లాడదు' అన్న లక్షణం నిలిచింది, 'ఎందుకు మాట్లాడలేదు' అన్న ప్రశ్న నిలవలేదు. ఒకే ముఖం గల దేహాలు తొట్టెలో తేలుతున్న 23వ భాగపు దృశ్యం, ఆ పాత్ర అంగడిలో పొందబోయే గతిని ముందే చూపినట్టుంది. నిర్మాతలు దాన్ని ఉద్దేశించారనడానికి ఆధారం లేదు. కానీ నేడు ఆ దృశ్యాన్ని ఆ అర్థం స్ఫురించకుండా చూడటం కష్టం.

7. నాట్ల మడిలో

2007లో మొదలైన కొత్త చలనచిత్రాల వరుస 2021 మార్చి 8న విడుదలైన నాలుగవ చిత్రంతో ముగిసింది. అందులో ఉన్నది మొదటి రేయ్ కాదు, ఆమె పోలికతో తయారైన మరొక దేహం. ఆమెకంటూ పేరు లేదు. ఊరివారు ఆమెను 'అచ్చు పోలిక' అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. విపత్తు నుంచి తప్పించుకున్న మనుషులు కట్టుకున్న పల్లె అది. పెద్దవయసు ఆడవాళ్లు ఆమెను వెంటబెట్టుకుని వరి మడిలోకి దింపుతారు. ఎవా నడిపే దుస్తులతోనే బురదలో నిలబడి ఆమె నారు నాటుతుంది. పసిబిడ్డను చూసి అంత చిన్నగా ఎందుకుందని అడుగుతుంది. హికారి దగ్గర పలకరింపు మాటలు ఒక్కొక్కటే నేర్చుకుంటుంది. పొద్దున పలకరింపు, రాత్రి పలకరింపు, కృతజ్ఞత, వీడ్కోలు. వీడ్కోలు అంటే మళ్లీ కలవాలని చెప్పుకునే మంత్రం అని హికారి వివరిస్తుంది. 6వ భాగంలో షింజిని ఏడిపించిన మాటకు పాతికేళ్ల తరువాత అర్థం మారింది.

కొన్ని విమర్శలలో ఈ పల్లె ఘట్టాన్ని కథను ఆపేసిన విరామంగా భావించారు. కథాగమనం నెమ్మదించిన మాట నిజమే. కానీ 1995లో తెరిచి ఉంచిన ప్రశ్న రేయ్ భావాలకు పేర్లు ఎవరు నేర్పుతారన్నది. ప్రయోగశాల నేర్పలేకపోయింది. ఇక్కడ ఆ పని చేసింది చేతులకు బురద అంటిన మనుషులు.

తనకొక పేరు పెట్టమని ఆమె షింజిని అడుగుతుంది. అయనామి తప్ప మరో పేరు తోచలేదని అతను చెబుతాడు. నెర్వ్ బయట ఆ దేహం ఎక్కువకాలం నిలవదు. చివరి ఉదయం షింజి ఎదుట నిలబడి తన కోరికలు చెబుతుంది. వరి కోయాలనుంది, బిడ్డను మరింతసేపు ఎత్తుకోవాలనుంది, ఇష్టమైనవారితో ఉండాలనుంది. వీడ్కోలు పలుకుతుంది. ఆమె నల్లని దుస్తులు తెల్లబడతాయి, దేహం నీరై కరిగిపోతుంది. ఆమె నాటిన మడి ఇంకా పచ్చగానే ఉంటుంది.