కోనేటిలో చేప, గట్టున తాబేలు



గుడి కోనేటి మెట్ల మీద నిలబడి మరమరాలు విసిరితే చేపలు గుంపుగా పైకి రావడం మీలో చాలామంది చూసే ఉంటారు. కొన్ని కోనేళ్లలో ఆ చేపల మధ్య నుంచి ఒక తాబేలు కూడా మెల్లగా తల పైకెత్తుతుంది. మనకు ఎంతో అలవాటైన ఈ దృశ్యం వెనుక చాలా పాత చరిత్ర ఉంది. మన ఉపఖండంలో చేపలనూ తాబేళ్లనూ ఒకే నీటిలో ఎవరు కాపాడారు? ఏ నియమాలతో కాపాడారు? ఆ నియమాలు ఎంతవరకు పనిచేశాయి? ఈ ప్రసంగంలో ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెతుకుదాం.

ఒకే నీరు, వేర్వేరు అవసరాలు

చరిత్రలోకి వెళ్లే ముందు కొంచెం జీవశాస్త్రం తెలుసుకోవాలి. చేప మొప్పలతో నీటిలోని ప్రాణవాయువును తీసుకుంటుంది. మన చెరువుల్లోని చేపలు గుడ్లు పెట్టేది కూడా నీటిలోనే. తాబేలు అలా కాదు. అది ప్రధానంగా ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది కనుక మధ్యమధ్య నీటి పైకి రావాలి. గుడ్లు పెట్టే కాలంలో నీటిని వదిలి గట్టెక్కి, మట్టిలోనో ఇసుకలోనో గుంట తవ్వి, గుడ్లు పెట్టి కప్పివేస్తుంది. అంటే చేపకు మంచి నీరు ఉంటే చాలు. తాబేలుకు నీటితో పాటు మెత్తని నేల కూడా ఉండాలి. ఈ చిన్న తేడాను గుర్తుంచుకోండి. మనం చెప్పుకోబోయే కథ అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఈ రెండూ కలిసి ఉంటే తాబేలు చేపలను తినేయదా అని మీకు సందేహం రావచ్చు. కొన్నిటిని తింటుంది. అయితే మన నీటి తాబేళ్లలో చాలా జాతులు నత్తలు, పురుగులు, కప్పలు, నీటి మొక్కలు, చచ్చిన జంతువుల మాంసం కూడా తింటాయి. చురుగ్గా ఈదే పెద్ద చేప వాటికి సులభంగా చిక్కదు. జబ్బుపడినవి, చచ్చి తేలినవి ముందుగా వాటి నోట పడతాయి. విశాలమైన చెరువులో ఇది నీటిని శుభ్రపరిచే పని. ఇరుకైన గుంటలో మాత్రం పారిపోయే చోటు లేక చేపలు తరిగిపోతాయి.

రాజశాసనంలో తాబేలు

ఢిల్లీలోని ఫిరోజ్ షా కోట్లాలో ఒక అశోక స్తంభం ఉంది. పద్నాలుగో శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ దాన్ని తోప్రా గ్రామం నుంచి అక్కడికి తెప్పించాడు. ఆ స్తంభం మీద ఉన్న శాసనాల్లో ఐదవది మన విషయానికి చాలా ముఖ్యం. పట్టాభిషేకమైన ఇరవై ఆరేళ్లకు, అంటే సుమారు క్రీ.పూ. 243లో, అశోకుడు చంపకూడని ప్రాణుల జాబితా ఒకటి ప్రకటించాడు. అందులో చిలుకలు, గోరువంకలతో పాటు తాబేళ్లు, కొన్ని రకాల చేపలు కూడా ఉన్నాయి. జాబితాలోని కొన్ని పేర్లు ఏ జాతివో పండితులు నేటికీ తేల్చలేకపోయారు.

ఆ శాసనం పౌర్ణమి వంటి కొన్ని తిథుల్లో చేపలను చంపడాన్నీ అమ్మడాన్నీ నిషేధించింది. ఆ రోజుల్లో జాలరుల చేపల రేవుల్లో ఇతర ప్రాణులను కూడా చంపకూడదని చెప్పింది. ఒక ప్రాణిని మేతగా పెట్టి మరొక ప్రాణిని పోషించరాదని కూడా ఆదేశించింది. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ నియమం మనుషులు తాము పెంచే ప్రాణులకు పెట్టే మేత గురించినది. నీటిలో చేపకూ తాబేలుకూ మధ్య జరిగే వేటను ఏ శాసనమూ ఆపలేదు.

కౌటిల్యుని పేర వచ్చిన అర్థశాస్త్రంలోనూ ఇటువంటి ఆధారాలున్నాయి. జలాశయాల్లోని చేపల మీద హక్కు రాజుదని ఆ గ్రంథం చెబుతుంది. అభయం ప్రకటించిన మృగాలను, పక్షులను, చేపలను చంపినవారికి సూనాధ్యక్షుడు అనే అధికారి జరిమానా విధించాలని కూడా చెబుతుంది. దయతో పాటు ఖజానా ఆదాయం కూడా రాజు లెక్కలో ఉందని దీనివల్ల తెలుస్తుంది. కనుక ప్రాచీన రాజుల నియమాలను కేవలం జీవకారుణ్యంగా చదవకండి. అవి పరిపాలన నియమాలు కూడా.

దర్గా చెరువు కాపాడిన జాతి

రాజుల శాసనాలు రాళ్ల మీద మిగిలాయి. ప్రాణులు మాత్రం నమ్మకం ఉన్నచోట మిగిలాయి. దీనికి గొప్ప ఉదాహరణ నేటి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ నగరంలో ఉంది. అక్కడ తొమ్మిదో శతాబ్దపు సూఫీ మహనీయుడు బాయజీద్ బోస్తామీ పేర ఒక దర్గా ఉంది. దర్గా కొండ కింద ఒక పెద్ద చెరువు, అందులో నల్లని మెత్తపెంకు తాబేళ్లు ఉంటాయి. ఆ సాధువు దుష్టశక్తులను తాబేళ్లుగా మార్చాడని స్థానికుల కథ. యాత్రికులు వాటికి అరటిపండ్లు, రొట్టె, మాంసం ముక్కలు పెడతారు. ఆ నమ్మకం వల్ల వాటి జోలికి ఎవరూ వెళ్లలేదు.

కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన జాన్ ఆండర్సన్ 1875లో ఈ తాబేలును కొత్త జాతిగా వర్ణించాడు. ఆ తర్వాత వంద సంవత్సరాలకు పైగా ప్రపంచంలో ఈ జాతి ఈ ఒక్క చెరువులోనే ఉందని శాస్త్రవేత్తలు భావించారు. 2002లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య దీన్ని సహజ ఆవాసాల్లో అంతరించిపోయిన జాతిగా ప్రకటించింది. ఒక్కసారి ఆలోచించండి. ఒక జాతి భవిష్యత్తు అంతా ఒక చెరువు నీటి మీద ఆధారపడి ఉందని అప్పుడు ప్రపంచం అనుకుంది. ఆ నీరు ఒక్క వేసవిలో చెడిపోయి ఉంటే ఏమయ్యేది?

అస్సాం కోనేళ్లు చెప్పిన సంగతి

అదృష్టవశాత్తు కథ అక్కడితో ఆగలేదు. 2007లో వెలువడిన జన్యు పరిశోధన ఇది ప్రత్యేక జాతేనని నిర్ధారించింది. అస్సాంలో కూడా ఈ జాతి ఉందని తేల్చింది. అస్సాంలోని హాజోలో హయగ్రీవ మాధవ ఆలయం ఉంది. 1583లో కోచ్ రాజు రఘుదేవ నారాయణుడు దాన్ని పునర్నిర్మించాడు. ఆ ఆలయ కోనేటిలో చేపలతో పాటు ఈ నల్ల తాబేళ్లు కూడా తరతరాలుగా బతుకుతున్నాయి. పశ్చిమ బెంగాల్‌లోని కూచ్ బెహార్ దగ్గర బాణేశ్వర శివాలయం కోనేటిలోనూ ఇవి ఉన్నాయి. అక్కడివారు వీటిని ఆప్యాయంగా 'మోహన్' అని పిలుస్తారు. దర్గా అయినా, వైష్ణవ ఆలయమైనా, శివాలయమైనా నియమం మాత్రం ఒక్కటే: ఈ నీటిలోని ప్రాణిని చంపరాదు.

2021 అంచనాలో ఈ జాతిని సహజ ఆవాసాల్లో అంతరించిన వాటి జాబితా నుంచి తీసి, తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చారు. అంటే కొంత ఆశ మిగిలింది, ప్రమాదం తొలగలేదు.

గట్టును మరచిన భక్తి

ప్రమాదం ఎక్కడ ఉంది? మొదట చెప్పుకున్న తేడాను ఇప్పుడు గుర్తుచేసుకోండి. చంపరాదనే నియమం నీటిలోని తాబేలును కాపాడింది. గట్టు మీద పెట్టిన గుడ్డును గురించి అది ఏమీ చెప్పలేదు. అందం కోసం, యాత్రికుల సౌకర్యం కోసం చాలాచోట్ల కోనేళ్ల చుట్టూ సిమెంటు మెట్లు, గోడలు కట్టారు. ఆడ తాబేలు గుడ్లు పెట్టడానికి గట్టెక్కితే తవ్వడానికి మట్టి దొరకదు. పెద్ద తాబేళ్లు చాలా ఏళ్లు బతుకుతాయి కనుక, కోనేరు నిండుగానే కనిపిస్తుంది. పిల్లలు పుట్టడం ఆగిపోయిందని ఎవరికీ తెలియదు.

మేత విషయంలోనూ ఇదే జరుగుతుంది. భక్తితో వేసే రొట్టెలు, బిస్కెట్లు తినగా మిగిలినవి అడుగున కుళ్లుతాయి. కుళ్లే పదార్థం నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. ముందుగా చేపలు చచ్చి తేలతాయి. పైకి వచ్చి గాలి పీల్చే తాబేలు ఇంకొంత కాలం తట్టుకుంటుంది. అందువల్ల కోనేటిలో తాబేళ్లు ఉన్నాయి కదా అని నీరు బాగుందనుకోవడం పొరపాటు.

హాజోలో దీనికి ఒక మార్గం కనుగొన్నారు. ఆలయంవారు, ప్రకృతి సంరక్షకులు కలిసి తాబేలు గుడ్లను సేకరించి, తగిన వేడిలో పొదిగించారు. అలా పుట్టిన పిల్లల్లో తొలి విడతను 2019లో పబితోరా అభయారణ్యంలోని నీటిలో విడిచిపెట్టారు. పాత నమ్మకానికి కొత్త శాస్త్రం తోడైతే ఏం సాధించవచ్చో ఇది చూపుతుంది.

మన పెరటి గుంట మాటేమిటి?

ఇదంతా చదివాక, మా పెరట్లో గుంట తవ్వి చేపలను, తాబేళ్లను పెంచుకోవచ్చా అని మీరు అడగవచ్చు. చేపలను పెంచవచ్చు. కానీ మన దేశపు తాబేళ్లను పట్టి ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 2022 సవరణ ఈ చట్టాన్ని మరింత కట్టుదిట్టం చేసింది.

దుకాణాల్లో అమ్మే ఎర్రచెవి తాబేలు అమెరికాది. అరచేతిలో ఇమిడే పిల్లను కొంటారు. అది పెరిగి, తొట్టె చాలక, ఎక్కువ తిని నీటిని పాడుచేస్తే తీసుకెళ్లి చెరువులోనో గుడి కోనేటిలోనో వదిలేస్తారు. అక్కడ అది మన తాబేళ్ల మేతకూ చోటుకూ పోటీ వస్తుంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన వంద ఆక్రమణ జాతుల పట్టికలో దాని పేరు ఉంది. అమెరికాలోనే 1975లో, పిల్లలకు సాల్మొనెల్లా జబ్బు వస్తోందని, నాలుగు అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు.

మరో పొరపాటు కూడా ఉంది. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ఆలయంలో కనిపించే నక్షత్ర తాబేళ్లు నేల మీద బతికేవి. అటువంటి తాబేలు ఎక్కడైనా దొరికినప్పుడు, పుణ్యమనుకుని కోనేటిలో వేస్తే అది ఈదలేక మునిగి చస్తుంది. అటువంటిది కనిపిస్తే అటవీశాఖవారికి తెలియజేయండి.

విద్యార్థులారా, అశోకుని శాసనం నుంచి హాజో కోనేటి వరకు మనం చూసినది ఒక్కటే. చంపకుండా ఉండటం సంరక్షణలో తొలి మెట్టు. ఆ ప్రాణి ఎలా బతుకుతుందో, ఎక్కడ పిల్లలను కంటుందో తెలుసుకోవడం రెండో మెట్టు. మన పూర్వులు మొదటి మెట్టును నమ్మకంతో కట్టారు. రెండోది జ్ఞానంతో కట్టవలసినవారు మీరు.

మీరు చేయవలసిన పని

1. మీ ఊరి కోనేరు లేదా చెరువు గట్టును పరిశీలించండి. ఎంత భాగం మట్టి, ఎంత భాగం సిమెంటు?

2. ఆ నీటిలో ఇంతకుముందు తాబేళ్లు ఉండేవా? ఎప్పటి నుంచి కనిపించడం లేదు? పెద్దలను అడిగి రాసుకోండి.

3. మత విశ్వాసం, రాజ్యం చేసిన చట్టం, విజ్ఞానశాస్త్రం – ఈ మూడింటిలో ఒక్కటే ఉంటే నల్ల తాబేలు బతికి ఉండేదా? తరగతిలో చర్చించండి.