మందు ఒకటే, ఒళ్లు వేరు

రసాయనాలు ఒంటికి పడకపోవడం అనే బాధకు చరిత్ర రాసేవాళ్లు షికాగోతో మొదలుపెడతారు. అక్కడి అలర్జీ వైద్యుడు థెరన్ రాండాల్ఫ్ 1950లలో గ్యాసు పొయ్యి, రంగులు, పురుగుమందుల గాటుకే కుదేలయ్యే రోగులను గమనించి, 1962లో పుస్తకం వేశాడు. 1987లో వైద్యుడు మార్క్ కలెన్ ఆ జబ్బుకు నిర్వచనం ఇచ్చాడు. 1996లో బెర్లిన్‌లో కూడిన నిపుణులు రసాయనమే కారణమని తేలలేదంటూ జబ్బు పేరే మార్చమన్నారు. ఇదంతా తెలిసిన కథ.

నా పేచీ కలెన్ నిర్వచనంతో. వైద్య పరీక్షలకు అందని లక్షణాలు ఉంటేనే అతని లెక్కలో ఆ జబ్బు. ఆయాసానికి ఉబ్బసమో పాత క్షయో కారణమని తేలితే ఆ మనిషి లెక్కలోంచి పోయినట్టే. పరిశోధనకు అలాంటి గీత అవసరం కావచ్చు. కానీ మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు అదే గీత గీస్తే, మనం ఎవరి గురించి మాట్లాడాలో వాళ్లే, అంటే ముందే జబ్బు ఉండి పురుగుమందు పీల్చేవాళ్లే, అవతల పడతారు. ఇక్కడ అడగవలసింది వేరే ప్రశ్న: ఒకే తోటలో ఒకే మందు కొట్టిన ఇద్దరిలో ఒకరే ఎందుకు కూలబడతారు? ఆ ప్రశ్నకు కావలసిన ఆధారాలు షికాగోలో కన్నా మదనపల్లెకు దగ్గరలోనే ఎక్కువ ఉన్నాయని నా వాదన.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రి 1910లలో మొదలైంది. దాని తొలి అధిపతి డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్. 1940లో ఆయన, బార్టన్ కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. అందులో చెప్పిన రోగులకు దగ్గు, ఆయాసం, ఎక్స్‌రేలో మచ్చలు, అన్నీ క్షయలాగే ఉన్నా అది క్షయ కాదు. నెత్తురులో ఇసినోఫిల్ కణాలు విపరీతంగా పెరిగిన వేరే జబ్బు. మూడేళ్ల తర్వాత వైన్‌గార్టెన్ దీనికి ట్రాపికల్ ఇసినోఫిలియా అని పేరు పెట్టాడు. 1960లో వేలూరు వైద్యులు వెబ్, జాబ్, గాల్ట్ రోగుల ఊపిరితిత్తుల్లోనే ఫైలేరియా పురుగు పిల్లలను చూపించారు. ఈ వ్యాసాలు రసాయనాల గురించి కావు. వాటి చేత లేని మాట చెప్పించకూడదు. కానీ బయటికి ఒకేలా కనిపించే ఆయాసం వెనక వేరువేరు జబ్బులు ఉంటాయనీ, వాటిని విడదీయకుండా వైద్యం లేదనీ ఈ మట్టి మీదే తేలింది.

అంతకన్నా గట్టి సాక్ష్యం ఐసోనియాజిడ్. క్షయకు ఈ మందు 1952లో వచ్చింది. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రాన్ని చరిత్రకారులు ఒక్క సంగతికే తలుచుకుంటారు: శానిటోరియంలో ఉంచినా, ఇంటి దగ్గరే మందు ఇచ్చినా రోగం ఒకేలా నయమైందన్నది. అదే కేంద్రం 1960లో బయటపెట్టిన మరో సంగతిని వాళ్లు అంతగా పట్టించుకోలేదు. మందు మోతాదు పెంచినప్పుడు కొందరికి కాళ్లు చేతులు తిమ్మిరెక్కి మంటలు పుట్టాయి. వాళ్లలో ఎక్కువమంది ఆ మందును కాలేయం నెమ్మదిగా విరిచేవాళ్లు. ఇది పుట్టుకతో వచ్చే లక్షణం. దక్షిణాదిలో సగానికి పైగా జనానికి ఉంది. దానికి తోడు చాలినంత తిండి లేని ఒళ్లు. బి6 విటమిన్ ఇస్తే ఆ బాధ రాకుండా ఆపగలిగారు. అంటే పుట్టుక, పోషణ కలిసి ఒక రసాయనం ఎవరికి హాని చేస్తుందో నిర్ణయించాయి. అది కొలిచి మింగిన మాత్ర. తోటలో పీల్చిన మందుకు కొలత లేదు కాబట్టి ఈ పోలికను తొందరపడి అంటగట్టలేం. అయినా ఒంటి స్థితిని లెక్కించకుండా విషాన్ని మాత్రమే కొలిచే పద్ధతి తప్పని చెప్పడానికి ఇది చాలు.

పురుగుమందులకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి నెత్తురులో బ్యుటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము చాలా తక్కువ. ఆపరేషన్‌లో కండరాలను సడలించే సక్సినిల్‌కోలిన్ ఇస్తే వాళ్లకు ఊపిరి తిరిగి అందడానికి చాలాసేపు పడుతుంది. 2006లో ఈ లోపానికి మూలమైన ఒక జన్యుమార్పును పరిశోధకులు గుర్తించారు. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల్లో కొంత భాగాన్ని నరాలదాకా పోనివ్వకుండా పట్టి ఉంచేది ఈ ఎంజైమే. కాబట్టి అది తక్కువైనవాళ్లకు ఆ మందులతో ముప్పు ఎక్కువని అనుమానించడం న్యాయం. పొలంలో తేలిన నిజమని చెప్పడం మాత్రం కాదు.

ఇక ఇప్పటి సంగతి. మదనపల్లె టమాటా మార్కెట్ దేశంలోనే పెద్దవాటిలో ఒకటి, దానికి పంట పంపే తోటల్లో పురుగుమందు కొడతారు. కుప్పం గ్రానైట్ క్వారీల రాతిధూళి ఊపిరితిత్తులను గట్టిపరిచి క్షయకు దారి తీయగలదు. పట్టుపురుగుల షెడ్లలో ఫార్మలిన్, బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. ఉబ్బసం ఉన్నవాళ్లు వాటి ఆవిరికి ఇట్టే ఆయాసపడతారు. మందు కొట్టిన తోట పక్కన పెరిగిన మల్బరీ ఆకు పురుగుకు వేయకూడదని పట్టురైతుకు తెలుసు. ఆ మందు కొట్టే మనిషికి క్షయ వచ్చిపోయిందా, ఉబ్బసం ఉందా అని అడిగే ఏర్పాటు ఎక్కడుంది? పురుగుమందు డబ్బా మీది రంగు త్రికోణం జంతువుల మీద కొలిచిన విషాన్ని చెబుతుంది, డబ్బా పట్టుకున్నవాడి గురించి ఏమీ చెప్పదు. ఆ ఏర్పాటు లేకపోవడాన్ని నేను నిర్లక్ష్యమనే అంటాను.

క్షయ మందులు వాడి నయమైనవాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు, క్వారీలో పనిచేసినవాళ్లు పురుగుమందు కొట్టే పనికి వెళ్లకండి. మందు గాటు తగిలి ఆస్పత్రికి వెళ్తే, అంతకుముందున్న జబ్బులన్నీ డాక్టరుకు చెప్పి చీటీలో రాయించుకోండి.