తెర ఉన్న తరగతి గది: బిల్హా నుంచి తెలుగు నేల దాకా

సాంకేతిక పరికరాల సాయంతో పాఠం చెప్పే బడికి గది కొలతలు, వెలుతురు, చప్పుడు, కరెంటు, బల్లల అమరిక, గది బయట ఉన్న పిల్లలకు పాఠం చేరే దారులు అన్నీ కలిపి ఆలోచించి ఏర్పాటు చేయాలి. ఈ పనినే బడి స్థల రూపకల్పన అంటారు. తెర కొనడం ఇందులో చివరి పని. మన బడుల్లో చాలాచోట్ల అది మొదటి పని అవుతోంది.

బిల్హా ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒక నగర పంచాయతీ. హావ్‌డా-ముంబయి రైలు మార్గంలో బిలాస్‌పూర్ నుంచి రాయ్‌పూర్ వైపు వెళ్తుంటే దాధాపారా, చకర్‌భాఠా దాటాక ఈ స్టేషన్ వస్తుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు బిలాస్‌పూర్, రాయ్‌పూర్, భిలాయి ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. ఇక్కడి బడులకూ తెలుగు జిల్లాల బడులకూ మధ్య అంతకన్నా దగ్గరి సంబంధం మరొకటి ఉంది. తెర మీద పాఠం ఈ రెండు ప్రాంతాల పల్లెలకూ ఒకే ఏడాది, ఒకే ఉపగ్రహం నుంచి దిగింది.

1975: ఉపగ్రహం నుంచి పాఠం

నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని భారతదేశం ఏడాది పాటు వాడుకుని, 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు పల్లెలకు టెలివిజన్ ప్రసారాలు నడిపింది. సైట్ అన్న పొట్టి పేరుతో ప్రసిద్ధమైన ఈ ప్రయోగాన్ని ఇస్రో, ఆకాశవాణి కలిసి నిర్వహించాయి. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలను ఎంచుకున్నారు. అప్పటి మధ్యప్రదేశ్‌లో బిలాస్‌పూర్, రాయ్‌పూర్, దుర్గ్ జిల్లాలు, ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలు ఆ జాబితాలో ఉన్నాయి. టీవీ సెట్లను హైదరాబాద్‌లోని ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ తయారు చేసింది. తెలుగు కార్యక్రమాలకు హైదరాబాద్‌లోనే నిర్మాణ కేంద్రం ఉండేది.

ఉదయం బడి పిల్లలకు, సాయంత్రం ఊరందరికీ ప్రసారాలు. హిందీ, తెలుగు, కన్నడ, ఒడియా భాషల్లో ఒక్కో భాషకు ఉదయం ఇరవై రెండున్నర నిమిషాలు దక్కేవి. సెట్టును బడిలోనో పంచాయతీ భవనంలోనో పెట్టేవారు. కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వలతో చేసిన మూడు మీటర్ల డిష్ యాంటెన్నాను ఆరుబయట నిలబెట్టేవారు. ఒకే చిత్రానికి రెండు శబ్ద మార్గాలుండేవి కాబట్టి అదే బొమ్మను ఒక ఊరు తెలుగులో, మరో ఊరు కన్నడంలో వినగలిగేది. ఆ ఏడాదిలోనే దాదాపు 50 వేల మంది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు విజ్ఞాన బోధనలో శిక్షణ ఇచ్చారు.

సెట్టు ఎక్కడ ఉండాలి, దాన్ని చూసుకునేది ఎవరు, చెడిపోతే బాగుచేసేది ఎవరు, పిల్లవాడి చెవికి ఏ భాష చేరాలి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పుకున్నాకే ప్రసారం మొదలైంది. యాభై ఏళ్ల తర్వాత కూడా ఆ క్రమమే సరైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఉపగ్రహం గడువు ముగిశాక 1977లో రాయ్‌పూర్, హైదరాబాద్ సహా ఆరు చోట్ల భూతల ట్రాన్స్‌మిటర్లు పెట్టి కొన్ని గ్రామాలకు ప్రసారాలు కొనసాగించారు. విద్య కోసమే రూపొందించిన ఎడ్యుశాట్ 2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి ఎగిరింది.

వెనక బెంచీ నుంచి కొలత

ఇప్పుడు బడులకు వస్తున్న తెరలు, అంటే ప్యానెళ్లు, సాధారణంగా 65 లేదా 75 అంగుళాలవి. తెర మీది రాతను ఇబ్బంది లేకుండా చదవాలంటే చూసేవారు తెర ఎత్తుకు ఆరు రెట్ల దూరం దాటకూడదని దృశ్య పరికరాల నిపుణులు ఒక లెక్క చెబుతారు. 65 అంగుళాల తెర ఎత్తు దాదాపు 81 సెంటీమీటర్లు, ఆరు రెట్లంటే 4.9 మీటర్లు, సుమారు 16 అడుగులు. 75 అంగుళాల తెరకైతే 18 అడుగుల పైచిలుకు. 24 అడుగుల పొడవున్న గదిలో పొట్టి గోడకు తెర బిగిస్తే చివరి రెండు వరుసలు ఆ హద్దు బయట పడతాయి. అందరికన్నా వెనక కూర్చునే పిల్లలే చదువులోనూ వెనకబడుతుంటారు కాబట్టి ఈ నష్టం చిన్నది కాదు. తెరను పొడవాటి గోడకు మార్చి బల్లలను అటు తిప్పితే చివరి వరుస దగ్గరవుతుంది. అప్పుడు పక్కల కూర్చున్నవారికి తెర ఏటవాలుగా కనిపిస్తుంది గనుక బల్లలను కాస్త వంపుగా వేయాలి.

అక్షరం సైజు సంగతి ఇంకా ముఖ్యం. చూసే దూరంలో రెండు వందల్లో ఒక వంతు ఎత్తు అక్షరానికి ఉండాలనేది వాడుకలో ఉన్న మరో లెక్క. ఆరు మీటర్ల దూరానికి మూడు సెంటీమీటర్ల అక్షరం కావాలి. పాఠ్యపుస్తకం పేజీని మొత్తంగా 65 అంగుళాల తెర మీద పరిస్తే అది మూడింతలకు మించి పెరగదు. పుస్తకంలో మూడు మిల్లీమీటర్లున్న అక్షరం తెర మీద తొమ్మిది మిల్లీమీటర్లవుతుంది. అంటే ఆరడుగుల అవతలి పిల్లవాడికి అది అందదు. తెలుగులో వత్తులు, హిందీలో మాత్రలు అసలు అక్షరం కన్నా చిన్నవి కాబట్టి కష్టం ఇంకా పెరుగుతుంది. పేజీని పేజీగా చూపకుండా ఒక్కో పేరాను, ఒక్కో బొమ్మను పెద్దది చేసి చూపేలా పాఠం తయారు చేసుకోవడం రూపకల్పనలో భాగమే.

నల్లబల్లను తీసేసి ఆ స్థలంలో తెర పెట్టడం తొందరపాటు. తెర మీది బొమ్మ మారిపోతుంది, నల్లబల్ల మీది లెక్క పీరియడ్ అయ్యేదాకా నిలుస్తుంది. రెండూ పక్కపక్కన ఉండాలి. గోడలు, నేల, తలుపు కూడా బోధనకు పనికొస్తాయని భారతదేశంలో చూపినది బాలా అన్న పద్ధతి. వాస్తుశిల్పి కబీర్ వాజ్‌పేయి నేతృత్వంలోని విన్యాస్ సంస్థ దాన్ని రూపొందించగా, సర్వ శిక్షా అభియాన్ ద్వారా అది అనేక రాష్ట్రాలకు చేరింది. తలుపు రెక్క తిరిగే చోట నేల మీద కోణాలు గీస్తారు. తలుపు తీసినప్పుడల్లా ముప్పై, అరవై, తొంభై డిగ్రీలు పిల్లల కళ్లకు కనిపిస్తాయి. దానికి కరెంటు అక్కర్లేదు.

వెలుతురు, చప్పుడు, కరెంటు

ప్రొజెక్టర్ల కాలంలో గదిని చీకటి చేయాల్సి వచ్చేది, చీకట్లో నోటుపుస్తకంలో రాయడం కుదిరేది కాదు. ప్యానెల్‌కు సొంత వెలుగు ఉంటుంది. కాబట్టి గదిలో రాతకు సరిపడే వెలుతురు, దాదాపు 300 లక్స్, ఉంచుకోవచ్చు. కిటికీ తెరకు ఎదురుగా ఉంటే వెలుగు తెర మీద మెరుస్తుంది, తెర వెనక ఉంటే పిల్లల కళ్లలో పడుతుంది. ఎడమ గోడన ఉంటే తెరకూ, కుడిచేత్తో రాసే పిల్లలకూ మేలు.

రైలు దారి పక్క ఊళ్లలో చప్పుడే పెద్ద సమస్య. బిలాస్‌పూర్ కేంద్రంగా 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వే బొగ్గు రవాణాకు పెట్టింది పేరు. ఈ మార్గంలో గూడ్సు బళ్లకు విరామం తక్కువ. బండి పోతుంటే మాస్టారు ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకుంటారు, రికార్డు చేసిన పాఠం మాత్రం ఆగదు. అందుకే పాఠాన్ని ఆపే రిమోట్ బల్ల అరలో కాకుండా ఉపాధ్యాయుడి చేతిలో ఉండాలి. పట్టాల వైపు గదులను స్టోరుకు, ఆఫీసుకు, మెట్లకు కేటాయించి, తెర ఉన్న గదిని అవతలి వైపు పెట్టుకోవడం కొత్తగా కట్టే బడికి ఖర్చు లేని ఉపాయం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం బడి చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలంలో పగటి పరిమితి 50 డెసిబెళ్లు. గది లోపలి ప్రతిధ్వని కూడా మాటను చెడగొడుతుంది. ఖాళీ సిమెంటు గోడలకు గుడ్డ బోర్డులు, పుస్తకాల అరలు తగిలిస్తే అది తగ్గుతుంది. రేకుల కప్పు కింద వానకాలపు పాఠానికి ఏ స్పీకరూ చాలదు. కప్పు కింద సీలింగు వేయించాకే తెర గురించి ఆలోచించాలి.

ప్యానెల్‌కు వేరే లైను, సరైన ఎర్తింగ్, పిడుగుల కాలంలో వోల్టేజీ పెరుగుదలను ఆపే పరికరం తప్పనిసరి.

గది బయటి బడి

కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు, 2020 ఏప్రిల్ 7న ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘పఢయీ తుంహర్ దువార్’ పేరుతో ఆన్‌లైన్ బోధన మొదలుపెట్టింది. ఫోనూ నెట్టూ లేని ఇళ్లు ఎన్నో ఉన్నాయని తెలిశాక దానికి కొత్త రూపాలు చేరాయి. వాడల్లో చిన్న గుంపులుగా నడిపిన మొహల్లా తరగతులు, మైకు ద్వారా వినిపించిన పాఠాలు అలా పుట్టినవే. ‘బుల్టూ కే బోల్’ పద్ధతిలో శబ్ద పాఠాలను బ్లూటూత్ ద్వారా సాదా ఫోన్లలోకి ఎక్కించారు. తెలుగు రాష్ట్రాలు టీవీని నమ్ముకున్నాయి. తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్లలో డిజిటల్ పాఠాలు నడిచాయి.

ఆంధ్రప్రదేశ్ మొదట భవనాల పని పట్టింది. 2019 నవంబర్ 14న ఒంగోలులో మొదలైన ‘మన బడి నాడు-నేడు’ తొలి దశలో 15,715 బడులకు మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, లైట్లు, బల్లలు, ప్రహరీలు సమకూరాయి. తాకే తెరలు ఆ తర్వాత వచ్చాయి. 2022 డిసెంబర్ 21 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు, వారి ఉపాధ్యాయులకు పంచిన 5 లక్షలకు పైగా ట్యాబ్‌లలో పాఠాలను ముందే నింపి ఇచ్చారు, నెట్టు లేకున్నా తెరుచుకునేలా. తెలంగాణలో 2022 మార్చిలో మొదలైన ‘మన ఊరు-మన బడి’ 12 రకాల పనుల్లో డిజిటల్ తరగతి గదులను చేర్చింది.

బడిలో చిన్న సర్వర్ ఒకటి పెట్టి వీడియోలు అందులో దాచుకుంటే, నెట్టు పోయినా లోపలి వైఫై ద్వారా ఏ గది నుంచైనా చూడవచ్చు. నెట్టు నిలకడగా లేని ఊళ్లకు ఇదే అనువైన మార్గం. ఆ సర్వర్‌ను తెరిచే అధికారం ఒక్క హెడ్‌మాస్టర్ దగ్గరే ఉంటే ఆయన సెలవు పెట్టిన రోజు పాఠం ఆగిపోతుంది. సంకేతపదం కనీసం ముగ్గురికి తెలియాలి, ఏ పాఠం ఎక్కడుందో గోడ మీద పట్టిక ఉండాలి.

భాష సంగతి ఇక్కడ మళ్లీ ముందుకొస్తుంది. బిల్హా పిల్లలు ఇంట్లో ఛత్తీస్‌గఢీ మాట్లాడి బడిలో హిందీ చదువుతారు. ఆ ప్రాంతపు రైల్వే కాలనీల్లోని తెలుగు పిల్లలకు ఇంటి భాష వేరు. 2017 సెప్టెంబర్ 5న మొదలైన డిజిటల్ పాఠాల వేదిక దీక్షాలో, అందులో చేరిన ఏ రాష్ట్రపు బోర్డునైనా, ఆ బోర్డు మాధ్యమాన్నైనా ఎంచుకోవచ్చు. బిలాస్‌పూర్‌లో కూర్చుని ఆంధ్రప్రదేశ్, తెలంగాణల తెలుగు పాఠాలు తెరవడానికి అడ్డేమీ లేదు. బడి గోడ మీద హిందీ పాఠం క్యూఆర్ కోడ్ పక్కనే తెలుగు పాఠం కోడ్‌ను కూడా అంటించవచ్చు.