మార్బుల్ కాని మార్బుల్స్

ఇంగ్లీషులో శిల్పాల గురించి చదివేవాళ్ళకి కొన్ని జంటపదాలు పదేపదే తగులుతాయి. గోడలోంచి బొమ్మ కొద్దిగా ఉబికితే బాస్ రిలీఫ్, బాగా ముందుకొస్తే హై రిలీఫ్, గుర్రమ్మీద మనిషుంటే ఈక్వెస్ట్రియన్ స్టాచ్యూ. వీటితో పేచీ లేదు. మన శిల్పశాస్త్రాల్లోనూ ఇలాంటి లెక్కే ఉంది: చుట్టూ తిరిగి చూడగలిగేది చిత్రం, సగం పైకి తేలింది చిత్రార్ధం, రంగుల్లో రాసింది చిత్రాభాసం.

తిరకాసంతా ‘మార్బుల్స్’ అనే బహువచనంతోనే. పార్థినాన్ నుంచి లార్డ్ ఎల్గిన్ తెచ్చిన శిల్పాలను బ్రిటిష్ పార్లమెంటు 1816లో కొన్నది. అవి నిజంగానే పాలరాతివి కాబట్టి ఎల్గిన్ మార్బుల్స్ అన్నారు, సరే. అదే ఏడు కాలిన్ మెకంజీ మనుషులు అమరావతి స్తూపం దగ్గర పలకల బొమ్మలు గీసుకుంటున్నారు. తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ అక్కడ తవ్వించి, దొరికిన పలకల్ని మద్రాసుకి పంపించాడు. అందులో చాలా భాగం 1859లో లండన్‌కి ఓడెక్కింది. పేరు మాత్రం రెడీగా ఉంది: ఇలియట్ మార్బుల్స్. అదే తర్వాత అమరావతి మార్బుల్స్ అయింది.

కానీ ఆ రాయి పల్నాటి సున్నపురాయి. ఊళ్ళోవాళ్ళకి దీంట్లో అనుమానమే లేదు, ఎన్నో పలకల్ని బట్టీల్లో వేసి సున్నం చేసేశారు!

గ్రీకు శిల్పాల వరసలో నిలబెట్టిన పేరు కదా, గౌరవమే అనుకోవచ్చు. నాకు మాత్రం ‘ఇలియట్’ అన్న మొదటి సగమే ఎక్కువ గుచ్చుకుంటుంది. తవ్వించినవాడి పేరు పెట్టారు గానీ, చెక్కించినవాళ్ళ పేర్లు ఆ రాళ్ళమీదే, ప్రాకృతంలో, బ్రాహ్మీలిపిలో ఉన్నాయి. గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు. పూర్ణకుంభం చెక్కిన ఒక పలకను కుటుంబంతో కలిసి దానమిచ్చినవాడు విధికుడు, చర్మకారుడు.