ఊదుగొట్టము

రాజుల ఖడ్గములకు చరిత్ర కలదు గాని, వంటయింట పొయ్యిప్రక్కను గోడకు చేరవేసిన ఊదుగొట్టమునకు చరిత్ర యేమి యని మీరు నవ్వవచ్చును. కలదు. అది ఇనుపకత్తి చరిత్రకంటెను పాతది.

ఐగుప్తు దేశమున సక్కారా యనుచోట మెరెరుక యను మంత్రి సమాధి యున్నది. అది క్రీస్తుకు పూర్వము 2300 ప్రాంతపుది. దాని గోడమీది శిల్పములలో లోహకారులు మూసచుట్టును చేరి, పొడవైన గొట్టములను నోట నుంచుకొని నిప్పు నూదుచున్నారు. అవి కొనకు మట్టిమూతి తొడిగిన రెల్లుగొట్టములని పండితులు చెప్పుదురు. అదే దేశమున క్రీస్తుకు పూర్వము 1450 ప్రాంతమున కట్టిన రెఖ్మిరె సమాధిలో గొట్టములకు మాఱు కాలితో త్రొక్కు తిత్తులు కనబడును. తిత్తి వచ్చినచోట మనుష్యుని ఱొమ్మునకు విశ్రాంతి దొరకినది. వంటయింటికి మాత్రము ఆ విశ్రాంతి రాలేదు.

మన దేశపు సాక్ష్యము శిల్పమున గాక శబ్దమున నున్నది. స్వర్ణకారునకు అమరసింహుడు చెప్పిన పేర్లలో నాడింధము డనునది యొకటి. నాడి యనగా గొట్టము; దాని నూదువాడు నాడింధముడు. క్రీస్తుకు పూర్వము నాలుగైదు శతాబ్దముల నాటి పాణిని, నాడీ ముష్టి శబ్దములు రెంటికిని గలిపి యొక సూత్రము చేసి యీ పదమును సాధించెను. ముష్టింధము డనగా పిడికిలి నూదువాడు. గొట్టము దొరకనినాడు పిడికిలినే గొట్టముగా చుట్టి నిప్పు రాజేయుట మన మెఱుగనిది కాదు. ఆ మాటకు మూల మిదియే యని నా యూహ. వ్యాకరణము చెప్పినది కాదు.

అగ్నిని నోటితో నూదరాదని మనుస్మృతి నాలుగవ యధ్యాయమున నిషేధించినది. అగ్ని విరాట్పురుషుని ముఖముననే పుట్టెనని పురుషసూక్తము. ఈ రెంటిని సమన్వయింప బూనిన తరువాతివారు, నడుమ గొట్టమో గడ్డిపరకయో యుంచి యూదిన దోషము లేదని త్రోవ చూపిరి. ఆ చర్చ చేసినవారిలో తడికట్టెలతో పొయ్యి రాజేసినవా రెందఱో నాకు సందేహమే.

నాకు పదియేండ్లప్పుడు మా యమ్మకొఱకు నేనొక గొట్టము చేసితిని. మూరన్నర పొడవున ఎండిన వెదురు కోసి, ఇనుపయూచను ఎఱ్ఱగా కాల్చి, కణుపుల లోపలి అడ్డుపొరలను దొలిచితిని. కొనకణుపున మాత్రము మేకు పట్టునంత బెజ్జమే పెట్టవలెను. వెడల్పుననుండి వచ్చిన గాలి యా యిఱుకున వడిగొని కణకణలాడు నిప్పుమీదనే పడును; బూడిద చెదరదు. పని ముగిసినదన్న గర్వముతో నేనే మొదట నూదితిని. మరల ఊపిరి తీయునప్పుడు గొట్టము నోటనే యుండుటచే పొగయు బూడిదయు గొంతున దిగి కన్నీరు కార్చితిని. మొగము ప్రక్కకు త్రిప్పి ముక్కుతో గాలి పీల్చుకొనవలెనని అమ్మ నేర్పినది. ఆ మెలకువ నే గ్రంథమునందును నేను చూడలేదు.

వెదురుకొన మాడును. మాడినంత మేర కోసి మరల బెజ్జము దిద్దవలెను. ఏడాది తిరుగునప్పటికి మూరన్నర గొట్టము మూరెడైనది. గొట్టము తగ్గినకొలది అమ్మ మొగము పొయ్యికి దగ్గఱ యయ్యెడిది. క్రొత్తది చేసెద నన్నచో, ఇది యింకను పనికి వచ్చును పొమ్మనెడిది. సాయంకాలమునకు ఆమె కన్నులు ఎఱ్ఱబడి యుండెడివి. అది పొగవలన నని యింటిలో నెవ్వరును అనుకొనలేదు. ఆడువారి కన్నులు అట్లే యుండు ననుకొంటిమి.

తరువాత ఇనుపగొట్టములు వచ్చినవి. అవి మాడవు, తగ్గవు. కాని మూతి కాలును. 1999లో దీపము పథకము క్రిందను, 2016 మొదలు ఉజ్జ్వల పథకము క్రిందను పేదయిండ్ల స్త్రీలకు గ్యాసుపొయ్యి లందినవి. మా యింటికిని గ్యాసు వచ్చిన నాడు అమ్మ వెలుగుచున్న పొయ్యిని చాలసేపు చూచి, “ఊదనక్కఱలేదా?” యని యడిగినది. ఆ వెదురుముక్క యిప్పుడు జానెడున్నర యున్నది. దానిని నేను పుస్తకముల బీరువాలో, అమరకోశము ప్రక్కను ఉంచినాను.